ఎత్తని చెయ్యి

అన్నం చల్లారిపోయింది. పప్పు మీద పొర కట్టింది. అఖిల కంచం వైపు చూడలేదు.

"తింటవా, తీసెయ్యాల్నా?" ఆండాళవ్వ మళ్లీ అడిగింది.

మనుమరాలు గోడకు ఒరిగి, కుడిచేతిని ఒడిలో పెట్టుకొని కూర్చుంది. బడి బట్టలు ఇంకా విప్పలేదు. చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది. అది ఎట్లా ఊడిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె ఏం చేసిందో మాత్రం అందరికీ తెలుసు. మధ్యాహ్నానికే ఊరంతా తెలిసింది. వెంకటనర్సు బిడ్డ తరగతి గదిలో టీచరు మొహం మీద కొట్టింది. కళ్లద్దాలు పగిలాయి. నెత్తురు వచ్చింది.

వెంకటనర్సు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నాడు. పడుగులో అటూ ఇటూ పోయే నాడెను చాలాసేపటి నుంచి విసరలేదు.

"తినకుంటే మానె," అన్నాడు. "రేపు ప్రార్థన కాడ అందరి ముందర టీచర్ కాళ్లు మొక్కి తప్పైందని అనాలె. లేకుంటే టీసీ చేతుల పెడ్తమని హెడ్మాస్టర్ సారు చెప్పిండు. టీచర్‌ను కొట్టిన పిల్లను ఇంకే బడోళ్లు తీసుకుంటరు?"

ఈ ఇంట్లో అఖిల గొంతు వినిపించక చాలా రోజులైంది. బడిలో బల్లలు గుద్దే పిల్ల, సార్లకు ఎదురుచెప్పే పిల్ల, ఇంటి గడప దాటి లోపలికి రాగానే మూగదయ్యేది. ఇంట్లో నోరు లేని పిల్ల బడిలో ఎందుకు అరుస్తున్నదో తండ్రి ఆలోచించలేదు. ఆయన దృష్టిలో ఇంట్లో ఉన్నదే అసలు పిల్ల. బడిలో ఉన్నది చెడు సావాసం.

"ఆసు సగంల ఆగింది," అన్నాడు వెంకటనర్సు. "మొక్కుడు రేపటి సంగతి. జర లేచి అది ముగియ్యమను."

ఆండాళవ్వ తల తిప్పి కొడుకును చూసింది.

ఇంటి మూలన ఆసు ఉంది. అర్ధచంద్రంలా వంచిన చట్రం, వంపు పొడవునా మేకులు. ఇవతలి కొన దగ్గర ఒకే ఒక మేకు. రంగులు అద్దే చీరకు కావలసిన నూలును ఇక్కడి నుంచి ఒక్కో మేకుకు తిప్పి తీసుకురావాలి. చెయ్యి పోవాలి, రావాలి. ఒక చీర నూలు అయ్యేసరికి ఆ చెయ్యి వేల సార్లు పోయి వస్తుంది. ఊర్లో చాలా ఇళ్లలోకి ఆసు మిషన్లు వచ్చాయి. ఈ ఇంట్లోకి రాలేదు. భార్య నాగరాణి చెయ్యి ఉండగా మిషను ఎందుకన్నాడు వెంకటనర్సు. నాగరాణి పోయిన ఏడు వానకాలంలో పోయింది. మిషను అప్పుడూ రాలేదు. ఆసు ముందు తల్లి కూర్చున్న పీట మీద అఖిల కూర్చుంది.

"తల్లి సచ్చిన పొల్ల," అంది ఆండాళవ్వ. "పొద్దుగాల బడికి పోకముందు ఆసు, వచ్చినంక ఆసు. నా చెయ్యి పని చేస్తలేదు గాబట్టి నేను కూసుంటలేను. నీ రెండు చేతులు మంచిగనె ఉన్నయి గద. ఒక్కనాడన్న కూసున్నవా?"

"ఆసు ఆడోళ్ల పని."

"ఓహో. ఆడ కూసుంటే నీ కిరీటం కింద పడ్తదా, రాజా?"

మగవాడు ఆసు దగ్గర కూర్చుంటే వాడకట్టు నవ్వుతుంది. ఆ సంగతి తల్లికీ తెలుసు. ఒకప్పుడు ఎవరో కూర్చుంటే నవ్విన వాళ్లలో ఆమె కూడా ఉంది.

బయట స్కూటర్ ఆగింది.

వాకిట్లో కౌసల్య టీచర్ నిలబడి ఉంది. ఎడమ కనుబొమ్మ మీద పట్టీ వేసి ఉంది. కళ్లకు పాత అద్దాలు పెట్టుకుంది.

వెంకటనర్సు గుంటలో నుంచి లేచి రెండు చేతులు జోడించాడు. పిల్ల తరఫున తాను మొక్కుతానన్నాడు. తల్లి లేక ఇట్లా తయారైందన్నాడు. కావాలంటే ఇప్పుడే ఆమె ముందే నాలుగు తగిలిస్తానన్నాడు. కౌసల్య వద్దని కుర్చీలో కూర్చుంది.

ఆమె దయతో రాలేదు. హెడ్మాస్టర్ రామచంద్రయ్య పంపితే వచ్చింది. రేపు పిల్ల మొండికేస్తే గొడవ పెద్దదవుతుంది, ఒకసారి ఇంటికి పోయి నచ్చజెప్పి రమ్మన్నాడు. ఆమెకూ లోపల ఒక భయం ఉంది. పిల్లల ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదని రూలు ఉంది. తాను వేసింది.

పొద్దున సాంఘికశాస్త్రం చెబుతుండగా అఖిల మధ్యలో అరిచింది. కౌసల్య కూర్చోమంది. అఖిల బల్ల గుద్దింది. పక్కనున్న పూజ ఏదో అంటే, ఆమె జామెట్రీ బాక్సు లాక్కొని కిటికీలో నుంచి పారేసింది. అప్పుడు కౌసల్య గోడ దగ్గర నిలబడి రెండు చేతులు పైకెత్తమంది. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగింది. తరగతి నవ్వింది. తనను వెక్కిరిస్తున్నదనుకుంది కౌసల్య. మణికట్టు పట్టుకొని పైకి లాగింది. పిల్ల కేక పెట్టి ఎడమ చేతితో కొట్టింది.

కోపంలో ఉన్న పిల్లను అందరి ముందు నిలదీయకూడదని, పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడాలని, కోపం వెనక ఏముందో అడగాలని ఎండాకాలం శిక్షణలో చెప్పారు. కౌసల్య విన్నది. సమోసా తిన్నది. సంతకం పెట్టి వచ్చింది.

"టీచర్ ఇంటికొచ్చింది. ఆమె ముందరన్న ఇంత తిను బిడ్డా," ఆండాళవ్వ కంచం జరిపింది. "ఆమె సుత ఏమనుకుంటది?"

అఖిల కంచాన్ని ఎడమ చేతితో దగ్గరికి లాక్కుంది. కుడి చేతితో ముద్ద చేసింది. ముద్ద కంచం మీదనే ఆగింది. చెయ్యి లేవలేదు. ఆమె నడుము వంచింది, మెడ వంచింది, నోటినే చేతి దగ్గరికి తీసుకువెళ్లింది.

కౌసల్య ఆ వంగిన మెడనే చూసింది.

తన తల్లి ఇట్లాగే తినేది. తిరుమలగిరి దిక్కున చిన్న ఊరు, ఒకటే గది, ఒకటే మగ్గం. తల్లి జన్మంతా ఆసు పోసింది. చివరికి చెయ్యి నోటి దాకా లేచేది కాదు. కంచం మీద పడిపోయినట్టు వంగేది. ఆమె తల దువ్వి కొప్పు వేసింది కౌసల్యే, పెళ్లయి పోయేదాకా. ఉద్యోగం వచ్చాక తాను నేతగాళ్ల బిడ్డనని కౌసల్య ఎక్కడా చెప్పుకోలేదు. మరిచిపోవాలనుకుంది. మరిచిపోయింది. ఈ పొద్దు తన చేతిలో ఆ మణికట్టే ఉంది, గుర్తుపట్టలేదు.

"చెయ్యి ఎప్పటి నుంచి లేస్తలేదు?" అని అడిగింది.

అఖిల నమిలింది. మింగింది.

"చలికాలం నుంచి."

చలికాలం నుంచి. కౌసల్యకు ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. జవాబు తెలిసినవాళ్లు చెయ్యి ఎత్తాలి. ఈ పిల్ల చెయ్యి ఎత్తకుండా అరిచేది. క్రమశిక్షణ లేదని కూర్చోబెట్టింది. రోజూ పొద్దున ప్రతిజ్ఞలో అందరూ కుడి చెయ్యి ముందుకు చాస్తే ఈ పిల్ల ముడుచుకొని నిలబడేది. పొగరని పీఈటీ రాములు సారు ఎండలో నిలబెట్టాడు. బోర్డు తుడవమంటే తుడవలేదు. తల దువ్వుకొని రాదు. పూజ కూడా ఆ మాటే అంది కావచ్చు, వాళ్లమ్మ వేసిన జడ చూపించి.

అన్నీ చేతికే సంబంధించినవి కావు. బల్ల గుద్దడం, బాక్సు పారేయడం కోపమే. ఆ కోపం ఎక్కడిదో కూడా ఎవరూ అడగలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"అడిగిన్రా?" అంది అఖిల.

గొంతులో కోపం లేదు. అందుకే కౌసల్యకు అది ఎక్కువ గుచ్చుకుంది.

వెంకటనర్సు కల్పించుకున్నాడు. ఆసు పోస్తే చేతులు గుంజడం మామూలే అన్నాడు. నూనె రాస్తే పోతుందన్నాడు. కౌసల్య ఆయన వైపు తిరిగి, ఇది నూనెతో పోయేది కాదనీ, దవాఖానలో చూపించాలనీ, పిల్లను ఆ పీట మీద నుంచి లేపాలనీ చెప్పింది. ఆమె గొంతు పెరిగింది. ఆయన గొంతు కూడా పెరిగింది.

"మా అమ్మకు గుంజింది. మా ఆమెకు గుంజింది. సచ్చిన్రా?"

"ఒకామె సచ్చింది కొడుకా," అంది ఆండాళవ్వ.

వీధిలో ఎవరో బండి తోలుకుపోతున్న చప్పుడు వచ్చి పోయింది. వెంకటనర్సు మగ్గం మీది బట్టను అరచేతితో నిమిరాడు. దాని మీద ముడత లేదు.

నాగరాణి చెయ్యి నొప్పితో చావలేదు. జ్వరంతో చచ్చింది. అది అందరికీ తెలుసు. జ్వరం ఎందుకు ముదిరిందో కూడా తెలుసు.

కౌసల్య కుర్చీలో నుంచి లేచి అఖిల ఎదుట నేల మీద కూర్చుంది.

"రేపు నువ్వు కాళ్లు మొక్కుడు వద్దు, ఏం వద్దు. తప్పు నాది. అందరి ముందర నేనే చెప్త. నీ చెయ్యి సంగతి నేనే చెప్త. నువ్వు వచ్చి నిలబడితే చాలు."

అఖిల మొదటిసారి తల ఎత్తి ఆమె మొహం చూసింది. కనుబొమ్మ మీది పట్టీని చూసింది.

"నిజంగ చెప్తరా?"

"చెప్త."

"మా బాపు సుత చెప్పిండు టీచర్," అంది అఖిల. "చీర మగ్గం దిగంగనే అమ్మను దవాఖానకు తోల్కపోత అని."

వెంకటనర్సు గుంట పక్క నుంచి కదిలాడు. చెప్పులు వెతుక్కోలేదు. తలుపు తీసుకొని బయటికి నడిచాడు. ఆయన వీపు చీకట్లో కలిసేదాకా ముగ్గురు ఆడవాళ్లూ చూశారు.

ఆండాళవ్వ కంచం తన ఒడిలోకి తీసుకుంది. ముద్ద కలిపి మనుమరాలి నోటికి అందించింది. అఖిల తిన్నది.

*

పొద్దున్నే రామచంద్రయ్య తన గదిలో కౌసల్య చెప్పింది మొత్తం విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఉద్యోగం చివరి ఏడు. గొడవలు వద్దనుకునేవాడు.

పిల్లను చూస్తే తనకూ పాపం అనిపిస్తుందన్నాడు. చేతికి మందు తన జేబులో నుంచే ఇప్పిస్తానన్నాడు. టీసీ మాట కూడా ఎత్తనన్నాడు. పిల్ల ఒక్క మాట తప్పైందని అంటే చాలు, అంతటితో అయిపోతుందన్నాడు.

"తప్పు నాది సార్. అది నేను చెప్పాలె," అంది కౌసల్య.

"ఎక్కడ చెప్తరు మేడం? ప్రార్థన కాడనా? పదో తరగతి పోరగాళ్ల జేబులల్ల ఫోన్లున్నయి. చెయ్యి లేవని పొల్ల చెయ్యి ఇరిసిన అని మీ నోటితోని మీరే అంటరు. పొద్దుమూకేసరికి జిల్లా అంత తిరుగుతది. మిమ్ములను సస్పెండు చేస్తరు. నకిరేకల్‌కు మీ బదిలీ ఫైలు ఎక్కడిదక్కడ ఆగుతది." గొంతు తగ్గించాడు. "మంచి మనసుతోనె చెప్తున్న. ఇంట్ల చెప్పిన్రు గద, అది చాలదా?"

నకిరేకల్‌లో కౌసల్య కొడుకు ఒకటో తరగతి చదువుతున్నాడు. అత్త దగ్గర ఉంటాడు. ఆదివారం సాయంత్రం ఆమె బస్సు ఎక్కేటప్పుడు వాడు ఏడవడం మానేశాడు. ఏడ్చినప్పటి కంటే అదే ఆమెకు కష్టంగా ఉంది.

గంట కొట్టారు.

అఖిల గేటు దగ్గరే ఎదురైంది. కౌసల్య చూసి ఆగిపోయింది. పిల్ల తలకు రెండు జడలు ఉన్నాయి. పాపిట వంకరగా ఉంది, కానీ జడలు గట్టిగా, ఒక్క వెంట్రుక బయటికి రాకుండా ఉన్నాయి. చివర్లకు రిబ్బన్లు లేవు. రంగు అంటకుండా నూలుకు కట్టే దారం చుట్టి, నేతగాళ్లు వేసే ముడి వేసి ఉంది.

"బాపు ఏసిండు," అంది అఖిల. తరువాత దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకూడని మాటలా చెప్పింది. "పొద్దుగాల ఆసు కాడ సుత కూసున్నడు టీచర్. తలుపు పెట్టుకొని. నూలు మొత్తం చిక్కు చేసిండు. అవ్వ ఒకటే నవ్వుడు."

ఆమె కూడా నవ్వబోయింది. అలవాటు తప్పినట్టు పెదవి ఒక పక్కకే కదిలింది.

వెంకటనర్సు గేటు అవతల వేప చెట్టు నీడలో నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ఇక్కడి నుంచి వినపడుతుందని సైగ చేశాడు.

పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. ఊరి సంగతి వాళ్లకు తెలుసు. ఈ పొద్దు ఏదో జరుగుతుందని కూడా తెలుసు. ఎప్పుడూ ఉండే గుసగుస లేదు. ప్రార్థన గీతం అయింది. వేదిక మెట్ల మీద రామచంద్రయ్య, ఆయన పక్కన కౌసల్య, కింద రాములు సారు.

ప్రతిజ్ఞకు చేతులు చాచమన్నారు. వరుసల నిండా, మెట్ల మీద కూడా కుడి చేతులు లేచాయి. తొమ్మిదో తరగతి వరుసలో ఒక ఎడమ చెయ్యి లేచింది.

మిగతా రోజుల్లో అఖిల ఏ చెయ్యీ ఎత్తేది కాదు. ఈ రోజు ఎత్తింది. ఉన్న చెయ్యి ఎత్తింది.

రాములు సారు చూశాడు. "ఏమమ్మా, దేశానికి ఎడమ చెయ్యి చూపెడ్తున్నవా? కుడిది లేపు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు పక్క వరుసకు పాకింది.

అఖిల కోపం తెచ్చుకోలేదు. నిన్నటి దాకా అయితే ఏదో ఒకటి విసిరేది. ఇప్పుడు మెట్ల మీదికి చూసింది. కౌసల్యను చూసింది. చెప్తానన్న మనిషి అక్కడ ఉంది, కాబట్టి తాను ఏమీ చెయ్యనక్కరలేదని నమ్మిన చూపు అది.

కౌసల్య నోరు తెరిచింది.

రామచంద్రయ్య ఆమె వైపు తల తిప్పాడు. పదో తరగతి వరుస చివర ఒక చెయ్యి జేబులోకి పోయింది. కౌసల్యకు అది కనిపించింది. ఫోనుకే పోయిందో, రుమాలుకే పోయిందో తెలియదు. బస్సు కిటికీ అవతల నిలబడిన కొడుకు మొహం కనిపించింది.

ఒక్క మాట చాలు. ఆ పిల్ల చెయ్యి లేవదు రాములు సార్ అంటే సరిపోయేది. తప్పు ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. ఆ చిన్న మాటయినా అనవచ్చని కౌసల్యకు తరువాత తోచింది. అప్పుడు మాత్రం ఆమె నేల చూసింది.

అఖిల ఇంకా కాసేపు చూసింది.

తరువాత ఎడమ చెయ్యి దించింది. దానితో కుడి మోచేతిని పట్టుకుంది. పక్కవాళ్ల చేతులు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి, తన చేతిని మెల్లగా అంత ఎత్తుకు లేపింది. మొహంలో రంగు పోయింది. పెదవులు బిగిశాయి. ఎడమ చేతి మీద కుడి చేతిని మోస్తూ నిలబడింది.

"గిట్ల రా దారికి," అన్నాడు రాములు సారు.

ప్రతిజ్ఞ మొదలైంది. ఒక అమ్మాయి చెబుతుంటే మిగతావాళ్లు అందుకున్నారు. అఖిల కూడా చెప్పింది. ఒక్క పదం తప్పలేదు, ఒక్కచోట ఆగలేదు. ఆమె గొంతు మెట్ల దాకా వినిపించింది. గేటు దాకా కూడా వినిపించి ఉంటుంది.

అయిపోయింది. చేతులు దిగాయి. రామచంద్రయ్య గొంతు సవరించుకొని, నిన్న ఒక తప్పు జరిగిందనీ, పెద్ద మనసుతో టీచరు క్షమించారనీ, ఆ విద్యార్థిని ముందుకు వచ్చి ఒక మాట చెబుతుందనీ అన్నాడు.

"రామ్మా అఖిలా."

అఖిల వరుసలో నుంచి బయటికి వచ్చింది. కాళ్ల దగ్గర ఉన్న సంచిని ఎడమ చేతితో తీసుకుంది. మెట్ల వైపు రాలేదు. అరవలేదు, ఏదీ విసరలేదు, వెనక్కి చూడలేదు. వరుసల మధ్య నుంచి గేటు వైపు నడిచింది. పిల్లలు దారి ఇచ్చారు. రాములు సారు ఆపబోయి హెడ్మాస్టర్ మొహం చూశాడు. ఆయన కౌసల్య మొహం చూశాడు.

గేటు అవతల వెంకటనర్సు బిడ్డ చేతిలో నుంచి సంచి తీసుకున్నాడు. ఏమీ అడగలేదు. అన్నీ వినపడినంత దూరంలోనే ఆయన ఉన్నాడు. ఒక్కసారి మెట్ల మీదికి చూశాడు. నిన్న మొక్కిన చేతులు ఈ రోజు లేవలేదు.

తండ్రీ బిడ్డా రోడ్డు దాటారు.

"మేడం," అన్నాడు రామచంద్రయ్య మెల్లగా. "మేడం, చెయ్యి దించుండ్రి."

కౌసల్య చూసుకుంది. అందరి చేతులూ ఎప్పుడో దిగాయి. ఆమె కుడి చెయ్యి ఇంకా ముందుకు చాచే ఉంది. నొప్పి లేదు, ఏమీ లేదు. బాగా పనిచేసే చెయ్యి.